పచ్చ ట్యాంకు బావ

తొంభైల్లో మా హార్బరు క్వార్టర్సు మొత్తం మీద, టీవీకి తగిలించుకుని ఆడే ట్యాంకుల ఆటలో యాభై స్టేజీలూ, ఒక్క ప్రాణం పోగొట్టుకోకుండా, కూర్చున్న చాప మీంచి లేవకుండా దాటినవాడు ఒక్కడే. ఆ ఒక్కణ్ణి నేనే. అల్లిపురం నుంచీ కంచరపాలెం నుంచీ మనుషులొచ్చి నా బొటనవేళ్ళు చూసి వెళ్ళేవారు. ఒకాయనైతే వాటిని ఒత్తి కూడా చూశాడు.

ఈ ముక్క ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాను. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించేలా తయారైంది. ఇందులో ఎంత గాలి కొట్టానో కాసేపట్లో నేనే చెబుతాను. ముందు నన్ను ఆట గురించి మాట్లాడనివ్వండి. ఆట గురించి నాకున్న అభిప్రాయాల్లో మాత్రం అబద్ధం లేదు. అబద్ధమంతా ఆడినవాడి గురించే.

నేను ఓడల మీద వించి డ్రైవర్ని. సరుకుని తాడుకి కట్టి ఎత్తి దించే యంత్రం వించి. నేను కూర్చునే చోటి నుంచి ఓడ కడుపులోకి తెరుచుకున్న చదరపు నోరు కనిపిస్తుంది, లోపల ఏముందో కనిపించదు. లోపల పదిమంది మనుషులుంటారు. వాళ్ళ నెత్తి మీదికి నేను ఉక్కు కడ్డీల కట్టలు దించుతుంటాను. నాకు కనిపించేదల్లా ఆ నోటి అంచున నిలబడ్డ సిగ్నల్‌మాన్ చెయ్యి ఒక్కటే. వేలు గిరగిరా తిప్పితే ఎత్తాలి. అరచెయ్యి బోర్లా పెట్టి ఊపితే దించాలి. పిడికిలి బిగిస్తే ఆపాలి. ఎందుకని అడగదలిస్తే ఆపాక అడగాలి.

ఆ చెయ్యి మా బావది. చుట్టరికం ఏమీ లేదు. మా వైపు ఇద్దరు మగాళ్ళు నాలుగు రోజులు కలిసి పనిచేస్తే బావలైపోతారు. అతను భీమిలి వైపు సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టినవాడు. వలలు లాగిన చేతులవి, వెడల్పుగా ఉండేవి. ఎంత ఎండలోనైనా, ఎంత దుమ్ములోనైనా నాకు స్పష్టంగా కనిపించేవి. పదకొండేళ్ళు అతని పిడికిలి చూసి ఆపాను. ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. మా వించి కింద పదకొండేళ్ళలో ఒక్కడి వేలు కూడా నలగలేదు.

ఒకరోజు వన్ టౌన్లో ఆ గేము పెట్టె కొనుక్కొచ్చాను. పిల్లల కోసమని ఇంట్లో చెప్పాను. పిల్లలు వారం ఆడి వదిలేశారు, నేను వదల్లేదు. దాంతో వచ్చిన క్యాసెట్ మీద ‘తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది ఆటలు’ అని రాసి ఉండేది. తీరా చూస్తే ఉన్నవి ఏడు. ఆ ఏడింటికే పేర్లు మార్చి, రంగులు మార్చి, మళ్ళీ మళ్ళీ వరస కట్టారు. మా ఆవిడ అది చూసి, ఈ క్యాసెట్ తయారుచేసినవాడు మీకు ఏమవుతాడని అడిగింది. నాకు కోపం రాలేదు. ఎవడో గాని, నా జాతివాడే.

ఆ ఏడింటిలో ట్యాంకుల ఆట ఒక్కటే నన్ను పట్టేసింది. తెర నిండా ఇటుక గోడలు. అడుగున మధ్యలో ఇటుకల గూడు, అందులో ఒక పక్షి బొమ్మ. పై నుంచి శత్రువుల ట్యాంకులు దిగుతుంటాయి. కింద మనవి రెండు, ఒకటి పసుపు, ఒకటి పచ్చ. పక్షిని కాపాడాలి. మనకి ఎన్ని ప్రాణాలున్నా పక్షి పేలితే ఆట అయిపోతుంది. శత్రువు గుండే తగలాలని లేదు, మన గుండు తగిలినా పక్షి పేలుతుంది. ఆ ఆట తయారుచేసినవాడు ఎవడో మహానుభావుడు. నీ వస్తువుని నువ్వే పేల్చుకునే వీలు నీ చేతుల్లోనే పెట్టాడు.

ఆట మనిషిని ఎందుకు పట్టుకుంటుందని నన్నడిగితే, బొమ్మలు బాగుండటం వల్ల కాదంటాను. ఓడిపోయినప్పుడు తప్పు ఎవరిదో తెలియాలి. ఆ మూల తిరక్కుండా ఉండాల్సింది, ఆ గోడ కొట్టకుండా ఉండాల్సింది అని మన నోటితో మనమే అనుకోవాలి. అప్పుడు చెయ్యి దానంతటదే మళ్ళీ స్టార్టు నొక్కుతుంది. తప్పు మనది కాకుండా చంపేసే ఆటని ఎవడూ రెండోసారి ఆడడు. ఇంకొకటి, చెయ్యి నొక్కడానికీ ట్యాంకు కదలడానికీ మధ్య రెప్పపాటు కూడా ఉండకూడదు. వించి దగ్గర నాకు అలవాటైన సుఖం అది. పిడి కదిపితే పది బస్తాల బరువు కదులుతుంది. మనిషికి అంతకంటే ఏం కావాలి?

పొద్దుటి షిఫ్టు దిగి, భోజనాలయ్యాక, మధ్యాహ్నాలు బావ మా ఇంటికొచ్చేవాడు. చాప వేసుకుని, టీవీలో ఛానెలు తిప్పి తిప్పి బొమ్మ పట్టుకునేవాళ్ళం. నాది పసుపు ట్యాంకు, అతనిది పచ్చ. నేను డ్రైవర్ని కాబట్టి మొదటి రిమోటు నాదని అంటే అతను నవ్వి రెండోది తీసుకునేవాడు. ఆ రెండోదాంట్లో గుండు పేల్చే బొత్తాం సరిగా పడేది కాదు. రెండుసార్లు నొక్కితే ఒకసారి పేలేది. ఆ సంగతి నాకు తెలుసు. అతనికి చెప్పలేదు. బాగుచేయించనూ లేదు. అతను ఒక్క ట్యాంకు కొట్టేలోపు నేను మూడు కొట్టి, ‘చూశావా బావా’ అనేవాణ్ణి. నా ప్రాణాలు అయిపోయి అతనొక్కడే ఆడుతున్నప్పుడు టీ తాగడానికి లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఆట ఆడేవాడికే గాని పక్కవాడి ఆట చూడ్డం టీవీలో వ్యవసాయం కార్యక్రమం చూడ్డమే అనేది అప్పట్లో నా గట్టి అభిప్రాయం. దాన్ని కూడా పెద్ద జ్ఞానంలాగే చెప్పేవాణ్ణి.

యాభై స్టేజీల సంగతికి వస్తాను. ఆ ఆటలో ఎన్ని స్టేజీలున్నాయో నాకు ఇప్పటికీ తెలీదు. మేం వెళ్ళింది పదిహేడు దాకా. అదీ ఒక్క ప్రాణం పోకుండా కాదు, ఉన్నవన్నీ పోయాక. అల్లిపురం నుంచి వచ్చినాయన మా ఆవిడ తరపు బంధువు, పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికొచ్చాడు. నా బొటనవేలు ఒత్తి చూసింది ఆసుపత్రిలో, గోరుచుట్టు లేస్తే. అదీ సంగతి. ఇంతవరకూ చెప్పడం నాకు సులువే. ఇకముందుది కాదు.

పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక గేముల కొట్టుండేది. ఆ కొట్టువాడు ఒక ఆదివారం మధ్యాహ్నం ట్యాంకుల ఆట పందెం పెట్టాడు. ఇద్దరిద్దరు జట్టుగా ఆడాలి, గెలిచినవాళ్ళకి కొత్త క్యాసెట్. నేను బావని లాక్కెళ్ళాను. ఓడ మీద మాతో పనిచేసే గ్యాంగులోంచి ఏడెనిమిది మంది చూడ్డానికొచ్చారు. వించి డ్రైవరూ సిగ్నల్‌మానూ జట్టు కడితే ఓడేదెలాగని దారంతా నేనే ప్రచారం చేశాను.

ఆ కొట్టులో రెండు రిమోట్లూ కొత్తవి. నేను లెక్కలో వేసుకోనిది అదొక్కటే. నొక్కిన ప్రతిసారీ పేలే బొత్తాం చేతికి దొరికేసరికి బావ వేరే మనిషైపోయాడు. పక్షి పక్కనుంచి కదలకుండా, తొందర లేకుండా, వచ్చినదాన్ని వచ్చినట్టు కొట్టాడు. కొట్టువాడు వెనకనుంచి, పచ్చ ట్యాంకు ఎవరిదయ్యా, బలేగా ఆడుతోంది అన్నాడు. మా గ్యాంగువాళ్ళు ఈల వేశారు. ఈల పచ్చ ట్యాంకుకే. పసుపు ట్యాంకు ఎవరిదని ఎవరూ అడగలేదు.

ఆఖరి జట్టుతో పోటీ. ఒక్క స్టేజి దాటితే క్యాసెట్ మాది. పక్షి గూటికి రెండు పక్కలా ఇటుకలు రాలిపోయాయి. మిగిలింది ఒకే ఒక్క శత్రువు ట్యాంకు, పక్షికి కుడి పక్క అడుగు వరసలోకి దిగింది. నేను ఎడమ పక్క అదే వరసలో ఉన్నాను. నా ఫిరంగికీ శత్రువుకీ మధ్యలో పక్షి ఉంది. బావ పై నుంచి దిగుతున్నాడు, ఇంకొక్క క్షణమైతే దాన్ని కొట్టేవాడు. నేను పేల్చబోతున్నానని అతనికి అర్థమైపోయింది. నోటితో చెప్పొచ్చు, పక్కనే కూర్చున్నాడు. కాని పదకొండేళ్ళ అలవాటు నోటికి రాలేదు, చేతికొచ్చింది. రిమోటు వదిలేసి, కుడి చెయ్యి పైకెత్తి, పిడికిలి బిగించాడు.

నేను పేల్చాను. పక్షి పేలిపోయింది. ఆట అయిపోయింది.

కొట్టులో ఒక్కసారిగా నవ్వులు. మావాళ్ళు ఏమైందని అడిగారు. అప్పటికి ఎవరూ సరిగా చూడలేదు, అందరి కళ్ళూ పచ్చ ట్యాంకు మీదే ఉన్నాయి. నేను అన్నాను, ‘బావ రిమోటు వదిలేసి సిగ్నలిచ్చాడ్రా, ఓడ మీదనుకున్నాడు.’ అందరూ పడి పడి నవ్వారు. బావ కూడా నవ్వాడు. అక్కడితో ఆపి ఉంటే అది వట్టి తమాషా అయ్యేది.

మర్నాడు రేవు కేంటీన్లో మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను. అలాంటివి చెప్పడంలో నాకు పేరుంది, ఆ పేరు నిలబెట్టుకోవాలి. మొదటిరోజు బావ ఒక చెయ్యి ఎత్తాడు. రెండోరోజు రెండు చేతులూ ఎత్తి లేచి నిలబడ్డాడు. వారం తిరిగేసరికి నా కథలో అతను పిడికిలి బిగించలేదు, వేలు గిరగిరా తిప్పాడు. అంటే ఆపమనాల్సిన చోట ఎత్తమన్నాడు. టీ గ్లాసులు పక్కన పెట్టి, బల్ల ఎక్కి, అతనిలాగే మెడ వంచి చేసి చూపించేవాణ్ణి. జనం కళ్ళు తుడుచుకునేదాకా నవ్వేవారు. ఆ బల్లకి అవతల బావ కూర్చుని అన్నం తినేవాడు.

బయటివాళ్ళకి ఇందులో తప్పేముందో తెలియకపోవచ్చు. సిగ్నల్‌మాన్‌కి చెయ్యే ఉద్యోగం. ఓడ కడుపులో పనిచేసేవాడు ఆ చెయ్యిని చూడలేడు, నమ్మగలడు. నవ్వులాటలోకి వచ్చిన చెయ్యిని ఎవడు నమ్ముతాడు? ఒకరోజు పక్క వించి డ్రైవరు బావ పిడికిలి చూసి, ‘ఇది ఆపమనా, ఎత్తమనా?’ అని అరిచాడు. అందరూ నవ్వారు, కాని ఆ నవ్వులో మా వించి కట్ట ఒక జానెడు ఎక్కువ దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కింద ఉన్నవాళ్ళు మాత్రం సాయంత్రం మేస్త్రీ దగ్గరికి వెళ్ళారు. మర్నాటినుంచి బావ ఓడ కడుపులోకి దిగాడు, కట్టలు సర్దడానికి. అతని చోట ఇంకొకతను వచ్చి నిలబడ్డాడు.

మేస్త్రీ నన్నడిగాడు. ఆ రోజు కొట్టులో అసలేం జరిగిందో నిజంగా చెప్పమన్నాడు. ఆ పిడికిలి సరైనదే, పేల్చింది నేనే అని ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. కేంటీన్ బల్ల ఎక్కినవాడు దిగి ఆ వాక్యం చెప్పాలి కదా. నేను నవ్వి, అది ఆటలో సంగతి, నాకేం తెలుసు అన్నాను. ‘ఆట’ అన్నాను. అదే మాటని ఇప్పుడు నాలుక మీద పెట్టుకుంటే చేదుగా ఉంటుంది.

కొత్త సిగ్నల్‌మాన్ చెయ్యి సన్నం. ఎండలో నాకు కనిపించేది కాదు. నేను నెమ్మదిగా దించేవాణ్ణి. ఓడ నోటిలోంచి అప్పుడప్పుడు ఒక ఎర్ర తువ్వాలు తలపాగా కనిపించేది, బావది. అతను తల పైకెత్తేవాడు కాదు. మధ్యాహ్నాలు రావడం మానేశాడు. తరువాత కొన్నేళ్ళకి రేవులో పెద్ద పెద్ద క్రేన్లొచ్చాయి, మా వించిల పని తగ్గిపోయింది. అతను ముందే ఉద్యోగం వదులుకుని తగరపువలస వెళ్ళిపోయాడని విన్నాను. రెండో రిమోటు వైరు చుట్టిపెట్టి ఉండేది. దుమ్ము తుడిచేటప్పుడు మా ఆవిడ దాన్ని మాత్రం విడిగా తీసి తుడిచేది.

ఒక్కణ్ణే ఆడేవాణ్ణి. అప్పుడు తెలిసింది, ఆట గురించిన నా అభిప్రాయాల్లో ఒకటి తప్పని. చెయ్యి అదే, ట్యాంకు అదే, పక్షి అదే. కొట్టినప్పుడు ‘చూశావా’ అనడానికి పక్కన ఎవరూ లేకపోతే కొట్టినట్టే ఉండదు. తరువాత ఊళ్ళో నెట్ సెంటర్లు వచ్చాయి. కంప్యూటర్లో కార్ల ఆట ఆడి చూశాను. రోడ్డు నిజం రోడ్డులాగే ఉంది, ఆకాశంలో మబ్బులు కూడా ఉన్నాయి. పావుగంటకి విసుగొచ్చింది. గుద్దేసినా కారు మళ్ళీ లేచి నిలబడుతోంది, తప్పుకి ఏమీ కావడం లేదు. సెల్‌ఫోనులో పాము ఆట మాత్రం నచ్చింది. తినేకొద్దీ పాము పొడుగవుతుంది. చివరికి దానికి అడ్డమొచ్చేది గోడ కాదు, దాని ఒళ్ళే. బస్సుల్లో అది ఆడుతూ, రేవులో నేను చెప్పిన కథల్ని ఒక్కొక్కటీ తలుచుకునేవాణ్ణి.

రిటైరైన రోజు కేంటీన్లో దండ వేశారు. కుర్రకారు ఆ సిగ్నల్ కథ చెప్పమన్నారు. సిగ్గులేకుండా చెప్పాను. బల్ల ఎక్కడానికి మోకాళ్ళు రాలేదు గాని, మిగతా అంతా చేసి చూపించాను. వెనక వరసలో ఒక పాత మనిషి నవ్వలేదు. మా వించి కింద ఓడ కడుపులో ఏళ్ళ తరబడి కట్టలు సర్దినవాడు. నవ్వులు ఆగాక కూర్చునే అన్నాడు.

“మరి ఆ సెయ్యే కదేటి, పదకొండేళ్ళు మమ్మల్ని ఇంటికి పంపింది.”

దండ తీసి బల్ల మీద పెట్టాను. ఆ గదిలో అందరూ ఉన్నారు, ఆ వాక్యం చెప్పాల్సిన సమయం నా ముందు నిలబడి ఉంది, అయినా నేను మిఠాయి పొట్లం తీసుకుని ఇంటికొచ్చాను.

ఆ తరువాతి వారం గేము పెట్టె సంచిలో వేసుకుని తగరపువలస బస్సెక్కాను. రెండో రిమోటు బొత్తాం అంతకు ముందురోజే బాగుచేయించాను, అంతకాలం తరువాత. బస్సు దిగి బావ ఇల్లు అడిగితే కూరగాయల మార్కెట్ సందు చూపించారు. సందు మొదట్లో ఒక లారీ వెనక్కి వస్తోంది. రెండు పక్కలా బెత్తెడు ఖాళీ లేదు. లారీ వెనక, గళ్ళ లుంగీలో, ఒక మనిషి చెయ్యి ఎత్తి నిలబడి ఉన్నాడు. అరచెయ్యి ఊపుతున్నాడు. డ్రైవరు అద్దంలో ఆ చెయ్యి ఒక్కటే చూస్తున్నాడు. పిడికిలి బిగిసింది. లారీ గోడకి వేలెడు దూరంలో ఆగింది. పక్క కొట్టువాడు చెప్పాడు, ఈ సందులోకి ఏ బండి రావాలన్నా ఈయన చెయ్యి ఉండాల్సిందేనని. ఆ వెడల్పు చెయ్యి బావదే.

బావ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. రా బావా అన్నాడంతే. ఇంట్లో అతని భార్య టీ పెట్టింది. టీవీకి పెట్టె తగిలించాం, ఛానెలు తిప్పి బొమ్మ పట్టుకున్నాం. ఈసారి మొదటి రిమోటు అతనికిచ్చాను. అతను దాన్ని చాప మీద పెట్టి, రెండోదే తీసుకున్నాడు. బొత్తాం ఒకసారి నొక్కి, అది పడటం చూసి, నాకేసి చూశాడు. ఆడటం మొదలుపెట్టాం. నేను తెరకేసే చూస్తూ చెప్పేశాను. బొత్తాం సంగతి నాకు మొదటినుంచీ తెలుసని. ఆ రోజు కొట్టులో నీ పిడికిలి నాకు కనిపించిందని. కంటి చివర, వించి మీంచి కనిపించినంత స్పష్టంగా కనిపించిందని. చూసే పేల్చానని, ఈల నీకు వేశారని పేల్చానని. ఆ ఒక్క ట్యాంకు నేను కొట్టాలనుకున్నానని. నువ్వు మా ఇంటికి రావడం మానేసింది అందుకేనని నాకు తెలుసని. మనిద్దరం కలిసి పదిహేడు స్టేజీలు దాటినవాళ్ళం, ఒక్క గుండుతో అంతా పాడుచేశానని. గొంతు కొంచెం వణికించాను కూడా. అంతా అబద్ధం వణుకు కాదు.

బావ తన ట్యాంకుని పక్షి పక్కన నిలబెట్టి, రిమోటు కింద పెట్టాడు.

“పదిహేడు కాదు బావా, పద్నాలుగు. అదీ నానొక్కణ్ణే ఆడినాను, నువ్వు టీకి లెగిసెల్లిపోనావు. నా ఆట ఒక్కనాడైనా కూకుని సూసినావేటి? బొత్తాం సంగతి నాకు తెల్దనుకున్నావా, రెండుసార్లు నొక్కడం అలవాటు సేసుకున్నాను. నా పిడికిలి నువ్వు సూసినావని ఆ పూటే తెలుసు. దానికి నాను రాడం మానీనేదు. కేంటీన్లో ఆల్లందరూ నవ్వుతుంటే రోజూ నీకేసే సూసేవోణ్ణి, ఇయ్యాలైనా ఆపుతావేటోనని. ఇప్పుడొచ్చి సెప్తన్నావు. ఇక్కడ నవ్వినోల్లు ఎవులున్నారు? నాకు సెప్పకు, నాకు తెలుసు. ఎల్లి ఆ కేంటీన్లో సెప్పు.”